పాత పాలిష్డ్ అలాయ్ వీల్స్ తెల్లగా పొడిబారిపోయాయి, మళ్లీ మెరుపు తేవచ్చా? (చెన్నై)

తీరంవాసి రాసింది:

అందరికీ నమస్తే. మేం చెన్నై తిరువాన్మియూర్‌లో ఉంటాం, సొంతూరు నెల్లూరు దగ్గర. నాన్నగారి 1999 మారుతి ఎస్టీమ్ గురించి అడుగుతున్నా. బ్యాటరీ, పెట్రోల్ పంపు మార్చాక ఇంజన్ బాగానే స్టార్ట్ అయింది, దాని గురించి బెంగ లేదు. నా బాధంతా చక్రాల గురించి.

2001లో నాన్న జీపీ రోడ్డులో షాపు షాపూ తిరిగి కొన్న 13 అంగుళాల పాలిష్డ్ అలాయ్స్ ఇవి, ఐదు స్పోకులు, అంచు బాగా లోతుగా ఉంటుంది. ప్రతి ఆదివారం పొద్దున కాఫీ తాగి కింద చిన్న పీట వేసుకుని కూర్చునేవారు, పాత బనియన్ గుడ్డ, బ్రాసో డబ్బా, అంతే. పెయింట్ అద్దంలా ఉండాలని ఎప్పుడూ అనుకోలేదు కానీ రిమ్ములో మాత్రం మొహం కనపడాలి ఆయనకి. నాన్న పోయి నాలుగేళ్లయింది. అప్పట్నుంచీ బండి అపార్ట్‌మెంట్ ఓపెన్ పార్కింగ్‌లో కవర్ కిందే ఉండిపోయింది, బీచ్ మాకు ఐదు నిమిషాల నడక.

ఇప్పుడు పరిస్థితి ఇదీ. వెనక రెండూ బూడిద రంగుకు తిరిగి, వేలితో రాస్తే ముగ్గుపిండిలా తెల్లటి పొడి అంటుతోంది, అక్కడక్కడా గుండుసూదితో పొడిచినట్టు నల్ల చుక్కలు. ముందు రెండిటికీ గోధుమరంగు బ్రేక్ మట్టి పట్టింది, అది కాక ఇంకో వింత, పైన సన్నటి పొర లాంటిదేదో ఉండి దాని కింద తెల్లటి వానపాములు పాకినట్టు గీతలున్నాయి. ఒకే సెట్టులో రెండు రకాలుగా ఎందుకు పాడయ్యాయో అర్థం కావట్లేదు.

దానికి తోడు రెండు వారాల కిందట ఓ వాటర్ వాష్‌లో ఇచ్చాను. అక్కడి అబ్బాయి ఏదో డబ్బాలోంచి రంగునీళ్లలా ఉన్నది స్ప్రే చేసి రిమ్ క్లీనర్ అన్నాడు. బుసబుసమని నురగ లేచింది, నేనూ మురికి పోతోందనే అనుకున్నా. ఇంటికొచ్చి ఆరాక చూస్తే అది కారిన దారి పొడవునా తెల్ల చారలు, వెనక రెండిటికీ మరీ ఎక్కువ.

అమ్మేసి కొత్తవి వేసుకోమని చాలామంది చెప్పారు. నాకు ఇవే కావాలి. చేత్తో ఇంట్లో చేసుకోగలనా, లేక ఎవరికైనా ఇవ్వాలా? ఎక్కడ మొదలుపెట్టాలి? ఆదివారాలన్నీ ఖాళీనే.

గిండీ గ్యారేజ్ జవాబు:

ముందు ఒక మాట, ఇంకెక్కడా ఆ రిమ్ క్లీనర్ కొట్టనివ్వకండి. వాటర్ వాష్ సెంటర్లలో చాలా చోట్ల వాడేది ఆసిడ్ కలిపిన సరుకు. పెయింటో లాకరో (పైన పూసే పారదర్శకమైన పూత) ఉన్న వీల్ కాసేపు తట్టుకుంటుంది, పాలిష్ చేసి వదిలేసిన ఒట్టి అల్యూమినియం తట్టుకోలేదు. వాటిలో కొన్నిటికి హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్, లేదా నీళ్లలో కలిశాక దాన్ని పుట్టించే బైఫ్లోరైడ్ ఉప్పు ఉంటుంది, అది చర్మం లోపలికి దిగి ఎముక దాకా పోయే రకం. పాపం ఆ కుర్రాళ్లు ఒట్టి చేతులతో కొడుతుంటారు, చూస్తే భయమేస్తుంది.

అసలు సంగతేమిటంటే అల్యూమినియం మీద ఎప్పుడూ కంటికి కనపడని ఓ పలచని ఆక్సైడ్ పొర ఉంటుంది. గీరేసినా వెంటనే మళ్లీ కట్టుకుంటుంది, లోహానికి కాపలా అదే. పీహెచ్, అంటే ఆసిడ్-క్షార కొలత, దాదాపు 4 నుంచి 8.5 మధ్య ఉన్నంతవరకు ఆ పొర నిలబడుతుంది. అటు గట్టి ఆసిడ్ అయినా, ఇటు కాస్టిక్ సోడా లాంటి క్షారమైనా కరిగిపోతుంది. మన ఇళ్లలో ఇడ్లీ కుక్కర్ అడుగు నీళ్లలో చింతపండు వేస్తారు చూడండి, అల్యూమినియం పాత్ర నల్లబడకుండా, అది ఈ లెక్కే. బోరు నీళ్లలోని క్షారం మరుగుతూ పాత్రను నల్లగా చేస్తుంది, చింతపండు పులుపు దాన్ని విరిచేస్తుంది. అలా అని చక్రాలకు చింతపండు పులమమని కాదు, పులుపు కాసేపు తెలుపు తేవచ్చు కానీ మెరుపు తేదు.

మీ ఊరి సమస్య ఉప్పుగాలి. ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరను సూది మొనంత చోట చీల్చి లోపలికి దిగుతుంది, మీరన్న నల్ల చుక్కలు అవే. కవర్ కప్పడం మంచిదే అనుకుంటాం కానీ కింద చెమ్మ బయటికి పోక, నాలుగేళ్లు ఆ ఉప్పు తడిలోనే నానాయి పాపం.

ఇక మీ వింత గురించి. ఆ వానపాము గీతలు ఒట్టి లోహం మీద రావు. లోహానికీ పైనున్న లాకర్‌కీ మధ్యన పాకే తుప్పు అది. లాకర్‌కి ఎక్కడో దెబ్బ తగిలి చిన్న సందు పడితే చాలు, అక్కడ మొదలై దారంలా సాగుతుంది. అంటే మీ ముందు రెండిటికి లాకర్ ఉంది, వెనక రెండిటికి లేదు అని నా అనుమానం. తేల్చుకోవడం తేలిక. తెల్ల గుడ్డకి మెటల్ పాలిష్ కొంచెం తీసుకుని, ఎవరికీ కనపడని చోట రూపాయి బిళ్లంత మేర రుద్దండి. గుడ్డ నల్లబడితే ఒట్టి లోహం, నల్లబడకపోతే పైన ఏదో పూత ఉన్నట్టే. ఇది తేలకుండా ఏ గరుకు పేపరూ ముట్టుకోవద్దు, ఎందుకంటే రెండిటికీ పని వేరు.

ఇంకోటి. స్టెప్నీ కూడా అలాయేనా? డిక్కీలో చూశారా?

తీరంవాసి జవాబు:

గిండీ అన్నా, మీరు స్టెప్నీ అనగానే కిందికి పరిగెత్తాను. నిజంగానే నాన్న పట్టుబట్టి ఐదు కొన్నారట, అమ్మ చెప్పింది. డిక్కీ మ్యాట్ ఎత్తితే ఉంది, ఉప్పుగాలి పెద్దగా తగలనట్టుంది, దుమ్ము తుడిస్తే ఇప్పటికీ నా మొహం కనపడుతోంది. బోల్టు రంధ్రం పక్క మూలలో బ్రాసో ఆరిపోయి తెల్లగా గట్టిపడిన మరక కూడా ఉంది. కాసేపు అక్కడే కూర్చుండిపోయా.

గుడ్డ పరీక్ష చేశా. స్టెప్నీ మీద నాలుగు రుద్దులకే కాటుకలా నల్లబడింది. వెనక రెండూ అంతే. ముందు రెండిటి మీద గుడ్డ అసలు నల్లబడలేదు. మీరన్నదే నిజమైంది. అమ్మని అడిగితే అప్పుడు గుర్తొచ్చింది, ఓసారి సూళ్లూరుపేట దగ్గర డివైడర్‌కి రాసుకుని ముందు రెండు రిమ్ములూ గీసుకుపోతే ఎవరి దగ్గరో సరిచేయించారట, వాళ్లు పైన ఏదో పూత వేసి ఇక తుడిచే పని లేదన్నారట. ఆ తర్వాత ఆదివారాలు వెనక రెండే తుడిచేవారు అంది. నేనప్పుడు హాస్టల్లో ఉన్నా, నాకివేమీ తెలియవు.

అంబత్తూరు బఫింగ్ జవాబు:

తమ్ముడూ, నేను 25 ఏళ్లుగా బఫింగ్ పనిలో, అంటే గుడ్డ చక్రంతో లోహానికి మెరుపు పెట్టే పనిలో ఉన్నా. ఎక్కువగా స్టీలు పని, హోటల్ కౌంటర్లు, గిన్నెలు, అప్పుడప్పుడు బుల్లెట్ ఇంజన్ కవర్లు, లారీ ట్యాంకులు. నీ స్టెప్నీ నీకు దొరికిన పెద్ద వరం. మిగతా నాలుగూ ఎక్కడిదాకా తేవాలో కళ్ల ముందు కొలత ఉంది. దాన్ని ముట్టుకోకు, పక్కన పెట్టుకుని పని చెయ్యి.

చేత్తో చెయ్యొచ్చు. ఒక్కో రిమ్ముకి ఒక పూర్తి రోజు వదులుకో. నేను చెప్పే వరసలో చెయ్యి, తొందరపడితే రెండు రోజులు పడుతుంది.

ముందు టైర్ల సంగతి. నాలుగేళ్లు కదలని బండి, టైర్లు ఎలాగూ మార్చాలి. టైరు పక్క గోడ మీద నాలుగంకెల నంబరు ఉంటుంది, 2214 అంటే 2014లో 22వ వారం తయారీ. పాతవైతే ఈ రిమ్ముల పనికోసమే ముందు విప్పించెయ్యి. టైరు లేని రిమ్ము మీద పని సగానికి సగం తేలిక, అంచు మూలల్లోకి చెయ్యి వెళ్తుంది, టైరు కూర్చునే గాడిలో పట్టిన తెల్ల పొక్కులు కూడా కనపడతాయి. ట్యూబ్‌లెస్ టైర్లలో పంచర్ లేకుండా వారానికోసారి గాలి దిగిపోయేది చాలాసార్లు ఆ గాడిలోని తుప్పు వల్లే. అక్కడ స్కాచ్‌బ్రైట్‌తో నున్నగా తుడిస్తే చాలు, పేపర్‌తో లోతుగా గీరకు.

కడగడం. మామూలు కారు షాంపూ, మెత్తని బ్రష్షు, బకెట్ నీళ్లు. బ్రేక్ మట్టికి పీహెచ్ న్యూట్రల్ అని రాసున్న ఐరన్ రిమూవర్ తెచ్చుకో, ఇనుము తగిలిన చోట ఊదారంగుకి తిరుగుతుంది, కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, కంగారు పడకు. ఆరిపోయేలోపు నీళ్లతో కడిగెయ్. నీడలో చెయ్యి, రిమ్ము చల్లగా ఉండాలి. ఇనుప పీచు మాత్రం వద్దే వద్దు. దాని ముక్కలు అల్యూమినియంలో ఇరుక్కుని వారం తిరక్కుండా ఎర్ర చుక్కలు లేస్తాయి.

ముందు రెండిటి లాకర్ తీయడానికి పెయింట్ షాపులో జెల్ పెయింట్ రిమూవర్ దొరుకుతుంది. అల్యూమినియంకి పనికొస్తుందని డబ్బా మీద రాసుందో లేదో చూడు, కాస్టిక్ ఉన్నది తేకు, రిమ్ము నల్లబడుతుంది. మేడ మీద గాలాడే చోట, రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు. పలచగా పూసి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి ఓ అరగంట వదిలితే పొర ముడతలు పడి లేస్తుంది. ప్లాస్టిక్ గరిటెతో తియ్యి, ఇనుప బ్లేడు వద్దు. లాకర్ ఉండగానే పేపర్ కొడితే పేపర్ అంతా జిగురెక్కి పోతుంది, కింద తుప్పు అలాగే ఉంటుంది.

ఇక అసలు పని వాటర్ పేపర్, అంటే తడిపి రుద్దే గరుకు పేపర్, నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. గుంటలు ఎక్కువున్న చోట 320, మిగతా చోట 400తో మొదలు. తర్వాత 600, 800, 1000, 1500, 2000. నీళ్లలో రెండు చుక్కలు షాంపూ వేసుకో, పేపర్ జారుతుంది, పూడుకుపోదు. చదునైన చోట వేళ్లతో నొక్కకు, వేళ్ల వెడల్పున గాళ్లు పడతాయి. రబ్బరు ముక్కకో పాత హవాయి చెప్పు ముక్కకో పేపర్ చుట్టుకుని రుద్దు. ఒక నంబరు అడ్డంగా రుద్దితే తర్వాతి నంబరు నిలువుగా. ముందు నంబరు గీతలు పూర్తిగా మాయమయ్యాకే తర్వాతిది ముట్టుకో. ప్రతి నంబరుకీ బకెట్ నీళ్లు మార్చు, 400 ఇసుక ఒక్క రేణువు 1500లో పడితే ఆ గీత చివరిదాకా నిన్ను ఏడిపిస్తుంది.

బోల్టు కూర్చునే ఏటవాలు రంధ్రాలు, హబ్‌కి ఆనే వెనక భాగం, ఈ రెండిటినీ ముట్టుకోవద్దు. చక్రం సరిగ్గా బిగిసేది అక్కడే.

2000 అయ్యాక బ్రాసోనో ఆటోసోలో, ఏదైనా మెటల్ పాలిష్. మీ నాన్నగారి బ్రాసో చెడ్డదేం కాదు, ప్రతి వారం తుడిచే రిమ్ముకి అది చాలు, ఇంత పాడయ్యాక దాంతోనే గుంటలు పోవాలంటే పోవు, అంతే. డ్రిల్లుకి కాటన్ బఫ్ తగిలించుకుంటే చెయ్యి నొప్పి తగ్గుతుంది. యాంగిల్ గ్రైండర్‌కి మాత్రం తగిలించకు. అది నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది, గుడ్డ చక్రం స్పోకు అంచుకి తట్టుకుందంటే చేతిలోంచి ఎగిరిపోతుంది. నా దగ్గర పనిచేసిన కుర్రాడికి బొటనవేలు అలాగే విరిగింది.

బెంగళూరు జెన్ జవాబు:

నేను జయనగర్ నుంచి. నా అనుభవం వేరు, చెప్పడం మంచిదనిపించింది. నా పాత మారుతి జెన్ కారుకి మూడేళ్ల కిందట ఇలాగే చేశాను, రెండు నెలలు అందరూ ఆగి చూశారు, వానాకాలం రాగానే మళ్లీ మబ్బు పట్టింది. మాది బోరు నీరు, కడిగి తుడవకుండా ఒక్కసారి ఎండలో వదిలేస్తే చుక్క చుక్కకీ తెల్ల మచ్చ. రోజూ ఆఫీసుకి వేసుకెళ్లే బండి, పిల్లలు, ఇల్లు, ఎప్పుడు తుడుస్తాను? చివరికి సిల్వర్ పౌడర్ కోటింగ్ చేయించాను, ఇప్పుడు ఏ బెంగా లేదు. తీరంవాసి గారూ, మీరు సముద్రం పక్కన ఉన్నారు, మీకు ఇంకా కష్టం. అదీ ఆలోచించండి. నాన్నగారి రిమ్ములే ఉంటాయి కదా, రంగు మాత్రమే మారుతుంది.

అంబత్తూరు బఫింగ్ జవాబు:

అమ్మా, మీరు చెప్పింది తప్పు కాదు, రోజూ తిరిగే బండికి నేనూ అదే చెప్తాను. కాకపోతే పౌడర్ కోటింగ్ ఇచ్చేవాళ్లు ఒకటి చూసుకోవాలి. ఈ రిమ్ములు చాలావరకు ఏ356 అనే అల్యూమినియం మిశ్రమంతో పోతపోసి, తర్వాత వేడి చికిత్సతో గట్టిపరిచినవి. చివరి దశలో 150 నుంచి 170 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచుతారు, బలం అక్కడే వస్తుంది. పౌడర్‌ని 180, 200 డిగ్రీల దగ్గర పది ఇరవై నిమిషాలు కాలుస్తారు, ఒకసారికి పర్లేదు. కానీ పాత పెయింట్ తీయడానికి మంటతో కాల్చేవాళ్లు, గంటలకొద్దీ వేడి ఓవెన్లో వదిలేసేవాళ్లు ఉన్నారు. అలా చేస్తే లోహం మెత్తబడుతుంది. చూడ్డానికి ఏమీ తెలీదు, హైవే మీద గుంతలో పడ్డప్పుడు తెలుస్తుంది. ఎలా తీస్తారో ముందే అడగండి.

ఇంకో విషయం, తీరంవాసి తమ్ముడికి. ఎవరైనా బఫింగ్ షాపుకి ఇస్తే, ఇనుము గ్రైండ్ చేసే మెషిన్ మీదే అల్యూమినియం బఫ్ చేస్తారా అని చూడు. అల్యూమినియం దుమ్ము, ఇనుప తుప్పు పొడి కలిసి ఉన్న చోట నిప్పురవ్వ పడిందంటే మామూలుగా ఆరదు. ఇంట్లో నువ్వు చేసే తడి పనికి ఆ భయం లేదు కానీ, ఆ బురద నీళ్లని మూత బిగించిన డబ్బాలో దాచకు, నెమ్మదిగా హైడ్రోజన్ పుడుతుంది. నల్లగుడ్డలు కుప్పగా వెయ్యకుండా విడివిడిగా ఆరబెట్టి పారెయ్.

వేళచ్చేరి 23 జవాబు:

2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫానప్పుడు మా బండి రెండు రోజులు నీళ్లలో ఉంది, చక్రాల సగం దాకా బురద. రిమ్ములు ఇలాగే అయ్యాయి. నేను నేర్చుకున్నది ఒకటే చెప్తా. అంచుకి సుత్తితో కొట్టి తగిలించే బ్యాలెన్సింగ్ బరువులు ఉంటాయి చూడండి, వాటి కింద చూడండి. నావి తీస్తే ఒక్కో దాని కింద నెలవంక ఆకారంలో తినేసి ఉంది. ఇనుము, సీసం లాంటి లోహం తడిలో అల్యూమినియంకి ఆనుకుని ఉంటే అల్యూమినియమే ముందు కరుగుతుంది. కొత్త టైర్లు వేసేటప్పుడు లోపలివైపు అతికించే స్టిక్కర్ బరువులే వేయమని గట్టిగా చెప్పండి, చెప్పకపోతే అలవాటుగా సుత్తి అందుకుంటారు.

తీరంవాసి జవాబు:

మూడు వారాల తర్వాత రాస్తున్నా. మొదటి రిమ్ము, వెనక ఎడమది, అయింది అనుకున్నా కానీ కాలేదు.

అంబత్తూరు అన్నా, మీరు చెప్పిన వరసే చేశాను, కానీ 400 అయ్యాక బాగా నున్నగా అనిపించి 600, 800 వదిలేసి నేరుగా 1000 పట్టుకున్నా. 2000 దాకా వెళ్లి ఆటోసోల్ పెట్టి రుద్దితే దూరం నుంచి అద్దమే. స్టెప్నీ పక్కన పెట్టి ఎండలో వంచి చూస్తే మెరుపు లోపల సన్నటి వెంట్రుకల్లా వందల గీతలు, అన్నీ ఒకే వైపు. మరీ ముఖ్యంగా అంచు లోపలి వంపులో. నిన్నంతా దాని గురించే ఆలోచన, నిద్రపట్టలేదు. ఎక్కువసేపు పాలిష్ చేస్తే పోతాయా?

అంబత్తూరు బఫింగ్ జవాబు:

పోవు తమ్ముడూ. పాలిష్ ఆ గీతల్ని మెరిపిస్తుంది, అందుకే ఇప్పుడు కనపడుతున్నాయి. ఎంత రుద్దినా గీత అంచులు గుండ్రంగా అవుతాయి తప్ప లోతు పోదు. వెనక్కి 600కి వెళ్లాలి. బాధపడకు, పని నేర్చుకున్న ప్రతివాడూ ఒకసారి వెనక్కి వెళ్లినవాడే. మా మేస్త్రీ నా చేత ఒకే ఇత్తడి బిందె మూడుసార్లు చేయించాడు.

ఒక కిటుకు చెప్తా. పర్మనెంట్ మార్కర్ తీసుకుని పేపర్ మొదలుపెట్టే ముందు ఆ చోటంతా అడ్డగీతలు గీసెయ్. మార్కర్ గీత మొత్తం పోయిందంటే పేపర్ అన్ని చోట్లా తగిలిందని అర్థం. వంపుల్లో, మూలల్లో ఎక్కడ మిగిలిపోతోందో కంటికి కనపడుతుంది. ప్రతి నంబరుకీ ఇలాగే. తుడిచి ఆరనిచ్చి, ఫోన్ టార్చి పక్కవాటుగా పెట్టి చూడు. తడి మీద చూస్తే అన్నీ బాగానే కనపడతాయి, నీళ్లు గీతల్ని దాచేస్తాయి.

ఇంకొకటి, గుంటలన్నీ పోయేదాకా గీరాలనుకోకు. లోతైనవి కొన్ని ఉంటాయి, అవి పోవాలంటే చుట్టూ అర మిల్లీమీటరు లోహం తీసేయాలి, అంత అవసరం లేదు. వేలి గోరు తట్టుకోనంత వరకు చాలు.

గిండీ గ్యారేజ్ జవాబు:

పని అయ్యాక కాపాడే సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నా. బెంగళూరు అక్క అన్న మాటలో నిజం ఉంది, ఒట్టి అల్యూమినియం మెరుపుని వదిలేస్తే నిలవదు. పాలిష్ జిడ్డు మొత్తం పోయేలా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, సింథటిక్ సీలెంట్ రెండు పూతలు వెయ్యండి. కార్నాబా మైనం కూడా వాడొచ్చు కానీ అది 80 డిగ్రీలు దాటగానే మెత్తబడుతుంది, మన ఎండకి బ్రేకుల వేడి తోడైతే ముందు చక్రాల మీద ఎక్కువ రోజులు ఉండదు. మళ్లీ లాకర్ మాత్రం వేయించొద్దని నా అభిప్రాయం. ఒక్క రాయి తగిలితే మీ ముందు రిమ్ముల కథే మళ్లీ. ఒట్టి లోహమైతే కనీసం ఓ గుడ్డతో సరిచేసుకోవచ్చు, అది మీ నాన్నగారికి తెలిసిన పద్ధతే.

బీచ్ వైపు వెళ్లొచ్చిన రోజు ఒక బకెట్ మంచినీళ్లు పోసి, మైక్రోఫైబర్ గుడ్డతో అక్కడికక్కడే ఆరబెట్టండి. రెండు నెలలకోసారి పాలిష్, సీలెంట్. టైర్లు వేసి బిగించాక మాన్యువల్‌లో ఉన్న టార్కుకే (బిగింపు కొలతకే) రెంచితో బిగించమనండి, గాలి గన్నుతో ఇష్టమొచ్చినట్టు వద్దు. వంద కిలోమీటర్లలోపు మళ్లీ ఒకసారి చెక్ చేయించుకోండి, అలాయ్ రిమ్ములకి అది తప్పనిసరి.

తీరంవాసి జవాబు:

మొన్న ఆదివారం నాలుగోది పూర్తయింది. మొత్తం తొమ్మిది ఆదివారాలు పట్టింది, ఒక్కో రిమ్ముకి ఎనిమిది తొమ్మిది గంటలు, మొదటిదానికి రెండింతలు. మార్కర్ కిటుకు లేకపోతే ఇంకా అక్కడే ఉండేవాణ్ని. అంచు వంపులో మార్కర్ నీలం గీత మిగిలిపోవడం చూసి, నా చెయ్యి అసలు అక్కడికి వెళ్లట్లేదని అప్పుడు తెలిసింది. చూపుడు వేలికి పేపర్ చుట్టి అంచు పొడవునా తిప్పుతూ చేశా.

ముందు రెండిటి లాకర్ ఊడుతుంటే కుబుసం విడిచినట్టు పెద్ద పెద్ద పొరలుగా వచ్చింది. కింద పాత డివైడర్ దెబ్బకి పూసిన పూత కూడా కనపడింది, లోహం కాదు, బాడీ పుట్టీ లాంటిది. దాన్ని తీసేశాను. అక్కడ గోరంత పల్లం మిగిలింది, గోరు తట్టుకోకుండా అంచులు నున్నగా చేసి వదిలేశా. యాసిడ్ చారలు 600కే పోయాయి, అవి లోతుకి దిగలేదు, అదృష్టం. కుడి వెనకదానికి స్పోకు మొదట్లో మూడు నల్ల చుక్కలు మిగిలాయి.

కొత్త టైర్లు, లోపలివైపు స్టిక్కర్ బరువులు. షాపులో అబ్బాయి నిజంగానే సుత్తి తీశాడు, వేళచ్చేరి అన్న మాట గుర్తొచ్చి చెయ్యి పట్టుకున్నా.

బెంగళూరు అక్కా, మీ మాట గురించి చాలా ఆలోచించా. నాకు ఇది ఆదివారాల బండి, తుడవడం నాకు ఇష్టంగానే ఉంది. నిన్న పొద్దున అమ్మ కాఫీ కిందికి తెచ్చి ఇచ్చి, పీట కూడా తెచ్చింది.

స్టెప్నీని మాత్రం ముట్టుకోలేదు. బ్రాసో మరకతో సహా అలాగే డిక్కీలో పెట్టేశా.

అంబత్తూరు బఫింగ్ జవాబు:

చాలా సంతోషం తమ్ముడూ. ఫొటోలు చూశా, 1500 గీత ఒక్కటి కూడా లేదు, మా షాపులో చేసినా ఇంతకంటే రాదు.

స్టెప్నీని మధ్యలో పట్టి ఉంచే బోల్టు ఇనుపది, అది ఆనే చోట ఒక రబ్బరు వాషర్ వెయ్యి, సైకిల్ ట్యూబు ముక్కైనా చాలు. డిక్కీ గుంటలో నీళ్లు నిలవకుండా కింద రబ్బరు బిరడా ఉంటుంది, వానాకాలం ముందు ఒకసారి తీసి చూసుకో.